ఆయన రాయని ఐదు ఆదివారాలు

నా బొమ్మల గురించి ఆయన ఇప్పటిదాకా ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఐదు ప్రదర్శనలు పెట్టాను. ఐదింటికీ వచ్చారు. ప్రతిసారీ ఆ తర్వాతి ఆదివారం పేపరు కోసం పొద్దున్నే వీధి చివరిదాకా నడిచాను. ఆ ఐదు ఆదివారాలు పేపర్లో బొమ్మల మీద ఆయన రాసే శీర్షికలో ఏమేం వచ్చాయో వరసగా అప్పజెప్పగలను. ఒకసారి కుండలు. ఒకసారి పాత సినిమా హాలు మెట్లు. ఒకసారి ఎవరివో నీటిరంగుల బొమ్మలు. ఒకసారి కొత్తగా వచ్చిన శిల్పి. ఐదోసారి మైత్రీవనం పక్కనున్న గోడ.

ఆ గోడ సంగతి చచ్చినా మరిచిపోను. కోచింగ్ సెంటర్ల పోస్టర్లు ఒకదాని మీద ఒకటి అతికించి, చింపి, మళ్లీ అతికించిన గోడ అది. అమీర్‌పేటలో అంతకంటే నిజాయితీ గల ఆధునిక చిత్రం లేదని రాశారు. ఆ గోడకు సరిగ్గా పైన, రెండో అంతస్తులో, జావా, పైథాన్ బోర్డుల మధ్య బొమ్మలు నేర్పే గది నాది! ఆ వారమంతా జనం ఫోన్లు పట్టుకుని గోడను చూడటానికి వచ్చారు. ఇద్దరు నా గదిదాకా ఎక్కారు కూడా. బాత్రూమ్ ఎక్కడని అడిగి దిగిపోయారు.

అయినా ఆయన్ను తిట్టుకున్న ప్రతిసారీ ఒక మాట ఒప్పుకోక తప్పదు. నాకు చూడటం నేర్పింది ఆయనే. మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పగలంతా ఫైళ్లు చూసి, సాయంత్రం బొమ్మలు చూసేవారు. రిటైరయ్యాక ఫైళ్లు పోయాయి, బొమ్మలు మిగిలాయి. నేను ఆయన్ను మొదటిసారి చూసింది వేరే వాళ్ల ప్రదర్శనలో. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చేతులు వెనక్కి కట్టుకుని, బొమ్మ కుడివైపు కింది మూలకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు. తర్వాత ఎడమ మూల. తర్వాత పై మూలలు. నడుమ భాగాన్ని అన్నిటికంటే చివర చూశారు. ఉండబట్టలేక ఎందుకలా అని అడిగాను.

"నడుమ అందరు మంచిగనే ఏస్తరు," అన్నారు నా వైపు చూడకుండానే. "ఎవరు అలిసిపోయిండ్రో మూలల్ల తెలుస్తది."

ఇంటికి పరుగెత్తాననే చెప్పాలి. ఉన్న బొమ్మలన్నీ గోడకు ఆనించి మూలలు చూశాను. ఒక్కదానికీ మూల లేదు! నడుమ చెమటోడ్చి, అంచుల్లో బూడిదరంగు పులిమి వదిలేశాను. ఇన్నేళ్లూ నా కంటికి అది ఆననే లేదు. ఆ రోజు నుంచి నా బొమ్మ మూలల్లోనే పుడుతోంది. నా విద్యార్థుల పనీ అంతే. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి వచ్చే ఒకమ్మాయి మొన్న అడిగింది: "సార్, మూలలు నాలుగూ అయిపోయాయి. నడుమ ఏమన్నా వేయాలా, అక్కర్లేదా?"

అలాంటి మనిషి నా మొదటి ప్రదర్శనకు వస్తున్నారంటే ఊరుకుంటామా? మాది గుంటూరు వైపు. గుమ్మం తొక్కిన మనిషిని ఖాళీ కడుపుతో పంపించం. మా ఆవిడ పులిహోర కలిపి, పెరుగు గారెలు చేసి, ప్రదర్శన గది గుమ్మంలోనే పళ్లెం చేతికిచ్చింది. ఆయన కాదనలేదు. "అమ్మా, మీ పులిహోర మస్తుగున్నదమ్మా," అన్నారు. ఐదు ప్రదర్శనల్లోనూ అదే వరస. ఐదోసారి మాత్రం మెట్రో మెట్ల బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. నేనూ వెళ్లి పక్కనే నిలబడ్డాను. చివరకు నోరు తెరిచి, "జర పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్," అన్నారు. ఆ ఆదివారం వచ్చిందే గోడ.

వెళ్లి అడిగేస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "మనింటి తిండి తిన్న మనిషిని పట్టుకుని ఎందుకు రాయలేదని అడుగుతారా? నవ్విపోతారండీ."

పోయిన వారం కొత్త బొమ్మలకు ఫ్రేములు కట్టించడానికి పంజాగుట్ట వెళ్లాను. ఆయన తరచూ వచ్చి కూర్చునే దుకాణమే అది. ఫ్రేములు కట్టే అతను చెక్క కోస్తున్నాడు.

"ఈసారీ రాయరేమో భాయ్," అన్నాను.

"ఎట్ల రాస్తడన్నా? పులిహోర పెట్టి ఆయన కలం నువ్వే మూస్తివి గదా."

"ఏంటి?"

"నీకు తెల్వదా? గా సారు ఎవరి తిండి తింటే వాళ్ల మీద రాయడు. మస్తు ఏండ్ల కింద ఒకాయన దావతిచ్చిండు. గాయన బొమ్మలు మంచిగున్నయని ఈయన రాసిండు. నిజంగనే మంచిగున్నయ్. జనం ఊకుంటరా? బిర్యానీకి అమ్ముడువోయిండన్నరు. గప్పటి సంది గిదే ఒట్టు."

దుకాణంలోంచి రోడ్డు మీదికి ఎలా వచ్చానో తెలియదు. బస్సుల హారన్ల మధ్య మా ఆవిడకు ఫోన్ చేసి అరిచాను. "రాయలేదు కాదే, రాయలేకపోయారు! బొమ్మల తప్పు కాదు!"

"అయితే నా పులిహోర తప్పా?" అంది.

"అవును!" అన్నాను. ఇన్నేళ్లలో అంత ఆనందంగా ఆవిడను తప్పుపట్టింది లేదు. ఆవిడా నవ్వేసింది. పక్కన సిగ్నల్ దగ్గర ఆగిన ఆటో అతను కూడా నన్ను చూసి నవ్వాడు. ఐదు ఆదివారాల బరువు ఒక్క నిమిషంలో దిగిపోయింది.

బొమ్మలు దుకాణంలోనే వదిలేశానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. అతను చెక్క కింద పెట్టాడు.

"అన్నా, కోపానికి రాకు. ఒక్కటి సోంచాయించు. వేరేవాళ్ల కాడ సారు నీళ్లు సుత ముట్టడు. సంచిల సీసా తెచ్చుకుంటడు. రాసుడు గురించి గంత ఫికర్ ఆయనకు. మరి నీ కాడ ప్లేటెందుకు పట్టిండు?"

"నువ్వు అడగొచ్చుగా?"

"నా బొమ్మలా? నీ బొమ్మలాయె. నువ్వే అడుగు."

అడుగుతున్నాను. సార్, ఈ ఊళ్లో బొమ్మల గురించి అచ్చయిన ప్రతి ముక్కా మీరు చదువుతారు, ఇదీ చదువుతారు. నన్ను మెచ్చుకోమనడం లేదు. అడ్డమైన గోడకు ఇచ్చిన చోటు నాకూ ఇవ్వమనడం లేదు. మొదటి ప్రదర్శన లెక్కలోకి తీసుకోను, గుమ్మంలోనే పళ్లెం చేతిలో పెట్టాం, మీరు మొహమాటపడి ఉంటారు. మిగతా నాలుగుసార్లు సంగతి చెప్పండి. మా ఇంటి తిండి తిన్నారు కాబట్టి నా గురించి రాయలేదా? నా గురించి రాయనక్కర్లేదని ముందే తేల్చుకున్నారు కాబట్టి నిశ్చింతగా తిన్నారా? రెండిట్లో ఏదైనా తట్టుకుంటాను. ఏదో ఒకటి చెప్పండి.