నీళ్ల బెల్లు

ఉదయగిరి దగ్గర హైస్కూల్లో పనిచేసేటప్పుడు నీళ్ల ట్యాంకు బాధ్యత నాది. ఎండలు ముదిరితే అక్కడ బోర్లు ఎండిపోతాయి. అందుకని నీళ్లు పొదుపుగా వాడమని పిల్లలకు పదే పదే చెప్పేదాన్ని. ఆ మార్చిలో పొద్దున నింపిన ట్యాంకులో సాయంత్రానికి కూడా సగానికి పైగా నీళ్లుండేవి. మా పిల్లలకు నీళ్ల విలువ తెలిసిందని స్టాఫ్‌రూంలో గొప్పగా చెప్పుకున్నాను.

రోజుకు మూడుసార్లు నీళ్ల బెల్లు కొట్టేవాళ్లం. బెల్లు వినగానే అందరూ సీసా ఎత్తి తాగాలి. ఒకరోజు ఎనిమిదో తరగతిలో వెనక నిలబడి చూశాను. మగపిల్లలు గటగటా తాగారు. ఆడపిల్లలు మాత్రం సీసా ఎత్తి, పెదాలు తడుపుకుని దించేశారు.

"దాహం కాలేదా?" అని పక్క బెంచీ అమ్మాయిని అడిగాను.

తను గొంతు తగ్గించింది. "అయితాది మేడమ్. తాగితే బాత్‌రూంకి పోవాల గదా. తాళంచెవి మీ కాడ ఉండాది. మగపిల్లల ముందర ఎట్ట అడిగేది?"

తనిఖీకి వచ్చేవాళ్లకు శుభ్రంగా కనిపించాలని ఆడపిల్లల బాత్‌రూంకు తాళం వేయించింది నేనే. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆ పొద్దున్నుంచి నేను దాన్ని రెండుసార్లు వాడుకున్నాను.