చెరుకు మోళ్ల మీద నిలబడ్డ బావ

నేను గోల్ కొడితే ఊరంతా ఈలలు వేసేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఈల వేసింది రెఫరీ అనీ, అది ఆఫ్‌సైడ్ అనీ మాత్రం చెప్పను.

మొన్న బోధన్ బస్టాండు దగ్గర, నా చెరుకురసం బండికి గిరాకీ లేని వేళ, నా భార్య ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టింది. మస్కట్‌లో మా బావ, అంటే ఆమె అన్న, మెడలో పూలదండతో నవ్వుతున్నాడు. అక్కడి కంపెనీ జట్ల ఫుట్‌బాల్ పోటీల్లో, అదీ కింది డివిజన్‌లో, ఇన్నేళ్లు డిఫెండరుగా ఆడి ఇక చాలించుకుంటున్నాడట. అందుకు సన్మానం. కింది డివిజనే కదా అని నవ్వబోయాను. నవ్వు రాలేదు; ఫోను లాక్కుని ఆ దండలో పూలు లెక్కపెట్టాను.

మోస్రా దగ్గర మా ఊళ్లో మైదానం ఎక్కడిది? చెరుకు కొట్టేశాక, మళ్లీ దున్నేలోపు ఆ చేనే మైదానం. ఆకు కాలిన వాసన, కాళ్లకు మసి, నేల నిండా కత్తి మొనల్లాంటి మోళ్లు. నేను వాటి మధ్య వంకర్లు తిరుగుతూ బంతితో ఉరికేవాణ్ణి. ఆ ఆట కోసమే ఏడో తరగతిలో బడి మానేశాను. బడివాళ్లు పెద్దగా బాధపడలేదు. బావ మా మేనత్త కొడుకు. ఎప్పుడూ కింద పడేవాడు కాదు. పడితే మోడు గీరి తొడ చీరుకుపోతుంది, ఆపైన వాళ్లవ్వ, అంటే మా మేనత్త, తంతుంది. అందుకని దూకడు, జారడు; ఎదురుగా నిలబడి నేను తప్పు చేసేదాకా చూస్తాడు. కరెంటు స్తంభమని పేరు పెట్టింది నేనే.

ఒకసారి మస్కట్ కంపెనీ మనిషి తాపీ పనివాళ్ల కోసం నిజామాబాద్ వచ్చి, తమ జట్టుకూ పనికొస్తారని బంతి ఆడేవాళ్లను గడ్డి మైదానంలో ఆడించి చూశాడు. మెత్తటి గడ్డి కనబడగానే మిగతా డిఫెండర్లంతా సంబరంగా జారిపడ్డారు. వాళ్లందరినీ దాటేశాను. ఇక్కడ పడితే దెబ్బ తగలదని బావకెవరూ చెప్పినట్టు లేరు, నిలబడే ఉన్నాడు. ఎడమకు ఊగాను, కుడికి ఊగాను. ఊగుతున్నది నేనొక్కణ్ణేనని, బంతి ఆయన కాలి కిందికి పోయిందని కాసేపటికి తెలిసింది.

"గీ పొడుగు పిలగాడు కావాలె," అన్నాడా మనిషి.

"మరి నేను, సార్?"

"నువ్వు మంచిగనే ఊగుతున్నవ్ బిడ్డా. ఉయ్యాల కడితే పిలుస్త."

బావ పోయాడు. కొత్త బూట్లతో దిగిన ఫోటోలు వచ్చాయి. మ్యాచ్ రోజున పనికి సెలవిస్తారని కబురొచ్చింది. తాపీపనికి పోయినోడు అక్కడ తానే గోడైండని బస్టాండులో నలుగురినీ నవ్వించి, ఇంటికి వచ్చి పాత బంతిని గోడకేసి తన్నేవాణ్ణి. ఆ బంతిలో గాలి పోయింది, మా చేను వరిమడి అయింది, నా కుళ్లు మాత్రం నిన్నటిలాగే ఉంది.

"గింత సన్మానమెందుకే మీ అన్నకు?" అన్నాను ఫోను తిరిగిస్తూ. "దాటనియ్యకుండ ముంగట నిలవడుడు గూడ ఓ పనేనా?"

ఆమె గ్లాసులో ఐసు వేస్తూ తలెత్తకుండానే అంది: "ఇన్నేండ్ల సంది నీ ముంగట నేను జేస్తున్నది గదే పని. దాటి యాడికన్న పోయినవా?"