పాడేవాళ్ళ వైపు పెట్టెలెందుకు?

మొన్న భీమవరంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు తమ వార్షికోత్సవానికి మావారిని ముఖ్య అతిథిగా పిలిచారు. మావారికి ఐసు ఫ్యాక్టరీ ఉంది, రొయ్యల మేత వ్యాపారం ఉంది, పాటలతో మాత్రం ఈ జన్మలో ఏ సంబంధమూ లేదు. అయినా ఊళ్ళో పెద్దమనిషి కాబట్టి ఆయన్ని వేదికకు ఎదురుగా మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు, ఆయనతో పాటు నన్నూ కూర్చోబెట్టారు. భుజం మీద శాలువా, ఒళ్ళో పూలగుత్తి, ముందు బల్ల మీద జీడిపప్పు పళ్ళెం, వెనకాల ఇనుప కంచె, కంచె అవతల ఇసకేస్తే రాలనంతమంది పిల్లలు, అటూ ఇటూ డాబా ఎత్తున పేర్చిన నల్లటి స్పీకరు పెట్టెలు. ఇలాంటి మర్యాద జరిగినవాళ్ళకు తెలుస్తుంది, అందులోంచి లేచి రావడానికి దారి ఉండదు. ముఖ్య అతిథి భార్య మధ్యలో లేచిందంటే పాపం తలనొప్పి వచ్చిందేమో అనుకోరు, అలిగి వెళ్ళిపోయిందనుకుంటారు.

ఉపన్యాసాలు అయ్యాక రాక్ బ్యాండ్ అన్నారు. డ్రమ్ముల మీద మొదటి దెబ్బ పడగానే నా ఒళ్ళో పూలగుత్తి వణికింది, నా పొట్టలో మధ్యాహ్నం తిన్న అన్నమూ వణికింది. ఆ హోరులో ఒక్క మాట తెలిస్తే ఒట్టు. గిటారు ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో పక్కనున్న మావారికి అక్కర్లేదు కాబట్టి ఆయన హాయిగా నవ్వుతూ కూర్చున్నారు. ఆ పక్కనున్న లెక్చరరు గారు వినయంగా వంగి ఏదో అడిగారు, సౌండు బాగుందా అని అడిగి ఉంటారని పెదవులను బట్టి ఊహించుకుని తల ఊపాను. ఆ తల ఊపుతుండగానే చూశాను, వేదిక మీద పాడుతున్న అమ్మాయి ఎడమ చెవిలో వేలు పెట్టుకుంది. అది స్టైలనుకుని వెనకున్న పిల్లలు కేకలు వేశారు. నాకు మాత్రం అది స్టైలనిపించలేదు. ఎందుకంటే పాడేవాళ్ళు చెవి ఎప్పుడు మూసుకుంటారో నాకు తెలుసు. తమ గొంతు తమకు వినపడనప్పుడు మూసుకుంటారు, లోపలినుంచైనా వినపడుతుందేమోనని. నేనూ ఒకప్పుడు అలాగే మూసుకున్నాను.

మా పుట్టిల్లు పెనుగొండ దగ్గర ఓ పల్లెటూరు. మా అన్నయ్య విశాఖపట్నంలో చదువుకోవడానికి వెళ్ళి, చదువు సంగతి ఎలా ఉన్నా గిటారు మాత్రం బాగా నేర్చుకుని వచ్చాడు. వెనకాల ఇద్దరు ముగ్గురు స్నేహితులను, ఒక డ్రమ్ముల సెట్టును కూడా తెచ్చాడు. ఇంట్లో ఆ గోల పడలేక నాన్నగారు వాళ్ళను మా ధాన్యం గోడౌనుకు తరిమారు. గొంతు బాగుంటుందని, పైగా ఇంట్లో మనిషినే కాబట్టి బతిమాలక్కర్లేదని, నన్ను పాడమన్నారు. స్నేహితుల్లో ఒకాయన పాటలు రాసేవాడు, కాలవల మీద, లాంచీల మీద, బస్సు తప్పిపోయిన కుర్రాడి మీద. అప్పటిదాకా పేరంటాల్లో మంగళహారతులు పాడిన దాన్ని, ఒక్కసారిగా ఆ డ్రమ్ముల మధ్య నిలబడేసరికి మొదట భయం వేసింది, వారం తిరిగేసరికి భయం పోయి పిచ్చి పట్టింది.

ఆ గోడౌను గురించి కాస్త చెప్పాలి. కోతలయ్యాక అందులో కప్పుదాకా ధాన్యం బస్తాలు ఉండేవి. బస్తాల మధ్య పాడితే గొంతు ఎక్కడికీ పారిపోయేది కాదు, ప్రతి మాటా అంచులతో సహా నిలిచేది. బస్తాలు మిల్లుకు వెళ్ళిపోయి గోడలు మిగిలాక అదే గోడౌనులో ఒక్క దగ్గు దగ్గితే నాలుగు దగ్గులు వినపడేవి. మా వైపు దాన్ని రీసౌండ్ అంటారు, అది ఉంటేనే సౌండు ఉన్నట్టు. మైకుసెట్టు వాళ్ళు పెళ్ళికి వచ్చినప్పుడు రీసౌండ్ పెట్టమంటారాండి అని అడిగేవారు, పెట్టమనేవారే అందరూ. మా చిన్నతనంలో ఒక పెళ్ళి ఘనంగా జరిగిందంటే భోజనాలను బట్టి కాదు, కొబ్బరిచెట్టుకు కట్టిన గొట్టం మైకు ఎన్ని ఊళ్ళకు వినపడిందన్న దాన్ని బట్టి. అలాంటి చోట, నాకు ప్రతి మాటా వినపడాలి అని పేచీ పెట్టే ఆడపిల్లంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అన్నయ్య ఎక్కడినుంచో అడిగి తెచ్చాడు, ముందువైపు ఏటవాలుగా కోసిన రెండు పెట్టెలు. వాటిని మానిటర్లంటారు. జనం వైపు కాకుండా పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర, పాడేవాళ్ళ వైపే తిప్పి పెడతారు, డ్రమ్ముల హోరులో వాళ్ళ గొంతు వాళ్ళకు తెలియడానికి. మొదటిసారి వాటి ముందు నిలబడి పాడినరోజు నేను పాట సగంలో ఆపేసి ఏడ్చాను. బాధతో కాదు. అప్పటిదాకా నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ రోజు అది నేలమీంచి లేచి నా ముఖానికి తగిలింది, బాగుంది కూడా. నా గొంతు బాగుందని నేనే చెప్పుకుంటున్నానని నవ్వకండి, నిజంగానే బాగుంది.

ఆ తరువాతే నా కోరిక బయటపెట్టాను. విశాఖపట్నంలో పిన్ని ఇంట్లో ఉండి సంగీత కళాశాలలో చేరతానని, అన్నయ్య బ్యాండుతో సభల్లో పాడతానని. అప్పటికే నాకు సంబంధాలు చూస్తున్నారు. నాన్నగారు రెండురోజులు ఆలోచించి, కాదనలేదు, ఔననలేదు. "అమ్మవారి సంబరాల్లో మనవాళ్ళందరి ముందూ నిలబడి పాడమ్మా. వాళ్ళు మెచ్చుకుంటే నేనెందుకు కాదంటాను?" అన్నారు. ఆయన మాట అంటే మాటే. మెప్పిస్తే విశాఖపట్నం, లేకపోతే పెళ్ళిపీటలు. ఇంత తేలికగా తెగుతుందనుకోలేదు, గోడౌనులో ఆ రెండు పెట్టెల ముందు నిలబడి పొద్దస్తమానం సాధన చేశాను.

సంబరాలకు కమిటీ పెద్ద మా పెదనాన్నగారే. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పినాయన, నేనంటే ప్రాణం. ఆ రోజు పొద్దువాలుతుండగా అన్నయ్యవాళ్ళు వేదిక మీద అన్నీ సర్దేసి, బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చారు. వాళ్ళు వెళ్ళాక పెదనాన్నగారు ఏర్పాట్లు చూడడానికి వేదికెక్కారు. జనానికి వీపు చూపిస్తూ రెండు పెట్టెలు కనపడ్డాయి ఆయనకు. పాపం కుర్రాళ్ళు కంగారులో తిరగేసి పెట్టారనుకున్నారు. "పాడేవాళ్ళ వైపు పెట్టెలెందుకయ్యా, వాళ్ళ పాట వాళ్ళే వింటారా?" అని నవ్వి, మైకుసెట్టు ఆయన చేత వాటిని ముందుకు జరిపించి, చక్కగా ముందు వరస వైపు తిప్పించారు. ఎదురుగా మా నాన్నగారు, మెచ్చుకోవలసిన మనవాళ్ళు కూర్చుంటారు కదా, వాళ్ళకు తమ పిల్ల పాట బాగా వినపడాలని. నా మేలు కోరే చేశారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

నేను వేదికెక్కేసరికి చీకటి పడుతోంది, దీపాల వెలుగు కళ్ళల్లో కొడుతోంది. మొదటి పాట ఎత్తుకున్నాను. కాళ్ళ దగ్గరనుంచి రావలసిన గొంతు రాలేదు. వెనకనుంచి డ్రమ్ములు, పక్కనుంచి గిటారు, మధ్యలో నేను నోరు తెరుస్తున్నాను గాని అందులోంచి ఏం వస్తోందో నాకు తెలియడం లేదు. అంతలో వినపడింది, వీధి చివర స్తంభానికి కట్టిన గొట్టం మైకులోంచి, నేను పాడేసిన మాట, నేను తరువాతి మాటలో ఉండగా, మరెవరో పాడినట్టు తీరిగ్గా తిరిగొచ్చింది. నాకు దొరికిన ఆధారం అదొక్కటే. దాన్ని పట్టుకున్నాను. పట్టుకున్నకొద్దీ వెనకబడ్డాను, డ్రమ్ములు ముందుకెళ్ళిపోయాయి. చెవిలో వేలు పెట్టుకున్నాను. గట్టిగా అరిచాను. శ్రుతి ఎటు పోయిందో అమ్మవారికే తెలియాలి. నేను అరుస్తున్నానని మైకుసెట్టు ఆయన తన వంతు సాయంగా సౌండు పెంచితే గొట్టాలు కూత పెట్టాయి. కంగారుగా కిందికి చూస్తే అప్పుడు కనపడ్డాయి పెట్టెల వీపులు. అన్నయ్య వైపు చూశాను, అతను తల వంచుకుని వాయిస్తున్నాడు. ఎదురుగా నాన్నగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అనుకున్న పాటలన్నీ అయ్యేదాకా అలాగే పాడాను. పాడాను అంటే పాడినట్టు కాదు, బావిలో పడ్డ మనిషి కేకలేసినట్టు.

ఎవరూ తిట్టలేదు. తిడితే తిరగబడేదాన్నేమో, అందరూ దయగా ఉన్నారు. అమ్మ పాలు కాచి ఇచ్చింది. నాన్నగారు తల నిమిరి, గొంతు బాగానే ఉందమ్మా, జనంలో నిలబడదంతే అన్నారు. పెట్టెలు తిప్పేశారు నాన్నగారూ, నా పాట నాకు వినపడలేదు అని చెప్పాను. అన్నయ్య కూడా వంతపాడాడు. పక్కనే ఉన్న పెదనాన్నగారు నిజంగానే అర్థంకాక అడిగారు: "నీ పాట నీకు వినపడకపోవడమేంటమ్మా? నోరూ నీదేగా, చెవీ నీదేగా?"

ఇంటిల్లిపాదీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వాను. ఆ నవ్వుతోనే నా విశాఖపట్నం అయిపోయింది. ఆ మాట మా ఇంట్లో ఊతపదమైపోయింది, కూరలో ఉప్పు ఎక్కువైనందుకు ఎవరైనా సాకు చెప్తే నోరూ నీదేగా చెవీ నీదేగా అనేవారు. నా పెళ్ళిలో కూడా ఆ మాట అని నవ్వుకున్నారు. అన్నయ్య గిటారు కొన్నాళ్ళకు అటకెక్కింది, అతనూ అందరిలాగే రొయ్యల చెరువులు తవ్వించాడు. నేను భీమవరం కోడలినయ్యాను. మావారు మంచివారు, ఈ రాతలో ఆయన మీద ఫిర్యాదు లేదు. నన్నెవరూ గదిలో పెట్టి తాళం వేయలేదు. కాని ఒక్క సందేహంలో ఇరుక్కుపోయాను. ఆ సాయంత్రం తప్పు పెట్టెలదా, నా గొంతుదా? పెట్టెలదే అని కొన్నాళ్ళు, ఇంతమంది అబద్ధం చెప్తారా అని కొన్నాళ్ళు. నలుగురూ చేరినచోట ఎవరైనా పాడమంటే గొంతు నొప్పనేదాన్ని. సందేహం తేలేదాకా పాడకూడదనుకున్నాను, పాడితే గాని తేలదు కదా అన్న ఆలోచన ఎప్పుడొచ్చినా భయం వేసేది.

ఇంతకీ మొన్నటి సోఫా. ఆ అమ్మాయి చెవిలోంచి వేలు తీయడం లేదు, శ్రుతి జారుతోంది, నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. లెక్చరరు గారిని పిలిచి ఆ పిల్లకు తన పాట వినపడటం లేదండి, ఎవరికైనా చెప్పండి అని అరిచాను. ఆయన ఏం విన్నారో గాని, పరుగున పోయి నాకు దూది తెచ్చిచ్చారు. ఆ దూది పట్టుకుని లేవనా వద్దా అని కొట్టుకుంటుండగా, ఆ అమ్మాయి చెయ్యి పైకెత్తింది. డ్రమ్ములు ఆగాయి, గిటారు ఆగింది.

"అన్నా, నాకు నేను వినపడట్లేదు. మానిటర్‌లో నా వాయిస్ పెంచండి. మళ్ళీ మొదట్నుంచి పాడతాను" అంది మైకులో.

అంతే. ఎవరినీ తిట్టలేదు, ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. అటు ప్రిన్సిపాలు గారున్నారు, ఇటు మావారున్నారు, వెనక కాలేజీ అంతా ఉంది. అందరూ ఆగారు. పిల్లలు ఈలలు వేశారు, వెక్కిరించి కాదు, సరేనంటూ. ఎవరో వంగి ఏవో మరలు తిప్పారు. ఆ అమ్మాయి ఒకసారి గొంతు సవరించుకుని, విని, తలూపి, మొదటినుంచి పాడింది. ఆ హోరులోనూ తేడా తెలిసింది, గొంతు కుదురుకుంది.

నేను ఆ సోఫాలో కొయ్యబారిపోయాను. పాట ఆపొచ్చా? ఇన్నేళ్ళూ పెదనాన్నగారిని తప్పుపట్టాను, గొట్టం మైకును తప్పుపట్టాను, నన్ను నేను అనుమానించాను, ఆగి ఒక్కమాట చెప్పొచ్చన్న సంగతి మాత్రం నాకు ఏనాడూ తట్టలేదు. పిరికిదాన్నని కాదు, మా ఇంట్లో నోరున్న పిల్లనే. కాని పెద్దవాళ్ళు పెట్టిన పెట్టెను కదపడం, మొదలుపెట్టిన పాటను ఆపడం, నాకు వినపడటం లేదని జనంలో అనడం, ఇవి ఆడపిల్లలు చేసే పనుల్లో లేవు. ఉన్నాయని మాకెవరూ చెప్పలేదు, మాకు మేమూ చెప్పుకోలేదు.

తరువాత బహుమతులు ఇప్పించారు నా చేత. ఆ పిల్ల చెమటతో తడిసి, ఆయాసపడుతూ వచ్చింది. బాగా పాడావమ్మా అన్నాను. "ఫస్ట్ టైమ్ పోయిందండి ఆంటీ, రెండోసారి ఓకే కదండీ?" అంది నవ్వుతూ. పోయింది అనే మాట అంత తేలికగా అనడం నేనెప్పుడూ వినలేదు. చెయ్యి వదలకుండా పట్టుకుని నిలబడిపోయాను, ఆ అమ్మాయి కాస్త ఇబ్బందిపడింది కూడా.

ఇప్పటి సౌండు మా రోజులకన్నా బాగుందని నేననను. పెట్టెలు పెరిగాయి, మాటలు తగ్గాయి, చెవుల్లో గుయ్‌మనడం మర్నాడు కాఫీ వేళ దాకా పోలేదు. కాని ఇప్పుడు పిల్లలకు 'మళ్ళీ మొదట్నుంచి' అనేది ఒకటుంది. మాకు అది లేదు, మాకు ఒక్కసారే. ఆ సాయంత్రం పెట్టెలు సరిగ్గా ఉండి ఉంటే నేను బాగా పాడేదాన్నో లేదో నాకిప్పటికీ తెలియదు, తెలుసుకోవడానికి ఇప్పుడు ఆ గొంతూ లేదు. ఆ అమ్మాయికి మాత్రం అక్కడే, పాట సగంలోనే తెలిసిపోయింది.