నల్లపచ్చటి ఆకు

బర్మాలోని ఇన్లే సరస్సు మీద ఫో థా అంటే నాచు మనిషి. ముప్పై ఏళ్లు పడవ అంచున నిలబడి, అడుగునున్న నాచును వెదురు గడకు చుట్టి పైకి లాగి, నీటి మీద తేలే తన మడిలో టమాటాలకు వేశాడు. ఆ నాచు తిన్న మొక్క కుదురుగా, ఆకు దళసరిగా ఉండేది. కాయ వారం రోజులు బుట్టలో ఉన్నా మెత్తబడేది కాదు. పురుగు రాకపోలేదు, కాని చుట్టపుచూపుగా వచ్చి పోయేది.

ఆ లాగుడే అతని నడుము విరిచింది. వానల మొదట్లో చాప మీద పడ్డవాడు మళ్లీ లేవలేదు. భార్య న్యో ఎయ్‌కు గడ ఎత్తే బలమెక్కడిది? యూరియా చల్లింది. మొగుడితో మాత్రం నాచే వేస్తున్నానంది. పోయేలోపు తన మడి కాయ ఒకటి పల్లీలతో కలుపుకుని తినాలని అతనికి ఒకటే ఆశ. ఆ ఆశను చంపడానికి ఆమెకు మనసు రాలేదు.

మొక్క ఏపుగా లేచింది. ఆకు నల్లపచ్చగా నిగనిగలాడింది. ఇరుగుపొరుగు పడవలాపి మరీ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికేం, పోయేది వాళ్ల సొమ్మా? ఆ లేత కండ పురుగుకీ నచ్చింది. ఆమె మందు కొట్టింది. వారం తిరక్కుండా మళ్లీ కొట్టింది.

ఒక ఉదయం ఆమె కోసుకొచ్చిన నాలుగు బుట్టలను పక్కింటి సో మిన్ సాయం పట్టి ఇంటి మెట్ల దగ్గర దింపాడు. పోతూ పోతూ పైకెక్కి, చాప మీదున్న ముసలాయన చేతిలో ఒక పండు పెట్టాడు.

"ఇదుగో తాతా, నీ మడిదే."

ఫో థా దాన్ని వేళ్లతో నొక్కి చూశాడు.

"ఇంత మెత్తగా ఉందేమే?"

"వానలు ఎక్కువయ్యాయిలే" అంది న్యో ఎయ్.

"సరే, పల్లీలు వేయించు" అంటూనే ఆగలేక నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆమె చప్పున లాక్కుంది.

"వద్దయ్యా. నిన్ననే మందు కొట్టాను."

"నాచు వేస్తే మందెందుకే?"

ఇక దాచలేక అంతా చెప్పేసింది. అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఆమె ప్రాణం కుదుటపడేది.

"ఆ బుట్టలు ఎక్కడికి?" అన్నాడు చివరికి.

"సంతకి."

"అక్కడ తినేవాళ్ల చేతిలోంచి ఎవరు లాక్కుంటారే?"

కింద దళారి పడవ చప్పుడైంది. న్యో ఎయ్ కళ్లు తుడుచుకుని మెట్లు దిగి, బుట్టలు ఒక్కొక్కటే అందించింది.