డాక్టరుగారి సినిమాకు అవార్డు వచ్చిన రోజులు

డాక్టరుగారి జీవితం మీద తీసిన సినిమాకు అవార్డు వచ్చిందన్న కబురు నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో బెండకాయలు ఏరుతుండగా అందింది. ఫోన్ చేసింది ఆ సినిమా దర్శకుడే.

"బాబాయిగారూ, మనకే వచ్చిందండీ!"

మనకే అన్న ఆ మాటకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. కానీ నా నోట మొదట వచ్చిన ప్రశ్న వేరు. "అమ్మగారికి చెప్పినవా?"

"ఫోన్ ఎత్తట్లేదండీ. జ్ఞాపిక ఆవిడ చేతికే ఇప్పించాలని మా కోరిక. మీరొకసారి అడిగి చూడరూ?"

అడిగే ముఖం నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలి.

నల్గొండ జిల్లాలో ఒక పల్లె దవాఖాన నడిపిన ఆ డాక్టరుగారి దగ్గర నేను పన్నెండేళ్లు కంపౌండరుగా పనిచేశాను. అమ్మగారు ఆయన భార్య. ఆ పన్నెండేళ్లూ నా రెండు పూటల అన్నం ఆమె చేతిదే. నాకు పెళ్లి కుదిర్చిందీ, సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించిందీ ఆమే. డాక్టరుగారు పోయాక ఆమె మన్సూరాబాద్‌కు వచ్చి ఉంటున్నారు. ప్రతి ఆదివారం వెళ్లి చూసి రావడం నాకు అలవాటు.

దర్శకుడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబంవాడు. సినిమా కోసం నా పాత డైరీలు అడిగితే ఇచ్చాను. ఇచ్చే ముందు ఒక పని చేశాను. ఒక ఏటి డైరీలో ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలకు మైదా జిగురు రాసి అంటించేశాను. వారం తిరగకుండా అతను ఆ డైరీ పట్టుకుని వచ్చాడు.

"బాబాయిగారూ, చివర విషయసూచికలో 'డాక్టరుగారి కోపం, 212' అని ఉందండీ. ఇక్కడేమో 211 తర్వాత 214 వస్తోంది."

పేజీలకు అంకెలు వేయడం, ఏడాది చివర సూచిక రాయడం నా పద్ధతి. పేజీలు అంటించేటప్పుడు ఆ సూచిక గుర్తుకే రాలేదు. నా పద్ధతే నన్ను పట్టించింది. నా భార్య నవ్వి, మరుగుతున్న టీ నీళ్ల గిన్నె మా ముందుకు జరిపింది. ఆవిరి పట్టి ఆ పేజీలు విప్పాను.

అందులో ఉన్నది ఇది. ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను ముందు మంత్రగాడికి చూపించి, ఆ తరువాత దవాఖానకు తెచ్చింది. డాక్టరుగారు మండిపడ్డారు. "ఎవరి దగ్గరికి పోయినవో ఆడికే పో" అని పంపేశారు. మర్నాడు పొద్దున్నే సంచి తీసుకుని, ఒక్కరే నడిచి ఆ పిల్ల ఊరికి వెళ్లారు. పిల్ల బతికింది.

"ఇది లేకపోతే ఆయన దండేసిన ఫొటో అయిపోతారండీ" అన్నాడు దర్శకుడు. సరేనన్నాను. అమ్మగారిని మాత్రం అడగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక హాలులో మా అందరికీ సినిమా చూపించినప్పుడు, ఆ ఘట్టం ముగియగానే అమ్మగారు లేచి వెళ్లిపోయారు. ఆ తరువాత పత్రికల్లో సమీక్షలు వచ్చాయి. డాక్టరు తెల్లవారుజామున ఒంటరిగా నడిచి వెళ్లే ఘట్టాన్ని రాసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను ఆ కాగితాలు కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను గానీ మన్సూరాబాద్ వెళ్లలేకపోయాను. మూడు ఆదివారాలు గడిచాయి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడ్డ అవార్డు సభ చివరికి ఎల్.బి.నగర్‌లో జరగనుండగా, ఆ రోజూ బందు పిలుపు వచ్చింది. సాయంత్రానికి బందు ముగుస్తుంది కాబట్టి సభ ఆపడం లేదని పేపర్లలో వచ్చింది. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే అమ్మగారు.

"ఏందయ్యా కంపౌండరూ, మూడు వారాలాయె. నేను సచ్చిననుకున్నవా?"

"మీరు కోపంగ ఉన్నరని..."

"కోపంగుంటే రావద్దా? వచ్చి నాలుగు తిట్లు తిని పోవాలె."

నా భార్య మంచినీళ్లు తెచ్చింది. "బస్సుల్లేవు గదమ్మా, ఎట్లొచ్చిన్రు?"

"నడిచిన. చౌరస్తల రోడ్డు మీద వంటావార్పు నడుస్తుంది. 'పెద్దమ్మా, ఉప్మా తిని పో' అని కూసోబెట్టిన్రు. ఉప్పు తక్కువైంది. చెప్పే వచ్చిన."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "తప్పయింది అమ్మా. మిమ్మల్ని అడగకుండ ఆ పేజీ ఇచ్చిన."

"ఆయన కోపం జిల్లా అంత ఎరుకే. దాస్తే దాగుతదా? నేను లేసి వచ్చింది అందుకు గాదు. సినిమల సంచి పట్టుకొని ఒక్కడే పోతుండు. ఆయనంతట ఆయన పోయిండని నీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. దవాఖాన గదిలో నా కళ్ల ముందు జరిగింది రాశాను. వెనక వంటింట్లో ఏం జరిగిందో అడగాలని నాకు ఏనాడూ తోచలేదు.

"ఆ పూట నీకు పెట్టిన గని ఆయనకు అన్నం పెట్టలే. నేనూ తినలే. ఆ పిల్లను చూసొచ్చినంకనే ఈ ఇంట్ల పొయ్యి ముట్టిస్త అన్న. పొద్దుగాల సంచి సర్ది చేతికిచ్చింది నేనే."

దర్శకుడికి చెబుతానన్నాను. పత్రికలకు ఉత్తరం రాస్తానన్నాను.

"వద్దు. ఆ పిలగాడు మంచిగనే తీసిండు. ఆయన నడక చూస్తే నాకు పానం లేచొచ్చింది. నీ బుక్కుల ఉంటే చాలు. రాయి, చెప్త."

ఏ రోజు సంగతి ఆ మర్నాడు ఉదయమే రాసే నేను, ఆ మధ్యాహ్నం ఆమె చెప్పినట్టు రాశాను. రెండుసార్లు చదివించుకున్నారు.

"'కోపగించారు' అని రాసినవేంది? నాది కోపం గాదు, భయం. ఆ పిల్లకేమన్నైతే ఆయన మళ్ల దవాఖాన తెరవడని భయం."

కొట్టేసి, భయం అని రాశాను. ఇంత జరిగాక ధైర్యం చేసి అడిగాను. "సాయంత్రం సభకు వస్తరా అమ్మా?"

"మరి పట్టుచీర గట్టింది రోడ్డు మీద ఉప్మా తిననీకా?"

బందు ముగిశాక ఆటో దొరికింది. సభలో ఆమె జ్ఞాపికను రెండు చేతులతో అందుకుని, మైకు ముందుకు వచ్చారు. ఇంతే అన్నారు.

"ఆ పిల్ల మంచిగున్నది. పోయినేడు తన కూతురి పెండ్లికి నన్ను పిలిచింది. పోయొచ్చిన."

సినిమా చూసినవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పెండ్లి సంగతి నాకూ అప్పుడే తెలిసింది.