వాత కాని మచ్చ

నా కూతురికి నాలుగేళ్లు. జ్వరం మొదలైన మూడో రోజు ఒళ్లు తుడుస్తుంటే చంక కింద నల్లటి మచ్చ కనిపించింది. బీడీ ఆర్పినట్టు గుండ్రంగా ఉంది.

మా అత్త వాత పెట్టిందనుకున్నాను. నా భర్త పొట్ట మీద, చిన్నప్పుడు ఆమె కాల్చిన పసుపు కొమ్ముతో పెట్టిన వాతలు ఇంకా ఉన్నాయి. నేను ఉదయగిరికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమే వాటిని గొప్పగా చూపించింది.

"పిల్లను కాల్చినావా అత్తా?"

"నేనెందుకు కాలుస్తా పాపా? నీ బిడ్డను ముట్టుకోవాలంటేనే నాకు బయం."

"మరి ఇదేంది? దేవుడొచ్చి పెట్టినాడా?"

అరుపులకు వీధిలో జనం చేరారు. "డిగ్రీ కోడలు గదా, అత్త చాటుగా పెట్టుంటాది" అని ఎదురింటామె నవ్వింది. నేను కాదనలేదు. పిల్ల నా చంకలోనే ఉంది. అంతా విన్నది.

మరునాడు ఆత్మకూరులో డాక్టరు అడిగాడు, "ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు ఉందా?"

లేదన్నాను. బీయస్సీ చదివినదాని ఇంట్లో పిల్లలకు వాతలు పెడతారని ఆసుపత్రిలో అంతమంది ముందు ఎలా చెప్పను? గౌను చేతిని కిందికి లాగాను. జ్వరం మందు ఇచ్చి పంపాడు.

నాలుగు రోజులకు పిల్ల ఊపిరి అందక రొప్పడం మొదలుపెట్టింది. నెల్లూరు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ అడగలేదు, గౌను తానే ఎత్తి చూసింది.

"ఇది వాత కాదమ్మా. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టిన చోటు. దాంతో వచ్చే జ్వరం, స్క్రబ్ టైఫస్. ముందే చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పొదల్లోకి ఎవరు తీసుకెళ్లారు?"

నేనే. కొండ కింద సీతాఫలాలు కోస్తూ, పిల్లను గడ్డిలో తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను.

సరైన మందు పడ్డాక జ్వరం దిగింది. పిల్ల బతికింది. ఇంటికి రాగానే అత్త వాకిట్లో దిష్టి తీసి, ఎత్తుకోవడానికి చేతులు చాపింది. పిల్ల నా మెడ కరుచుకుని అరిచింది.

"అవ్వ కాలుస్తాది! అవ్వ వద్దు!"

"పురుగు కుట్టిందమ్మా" అన్నాను. రోజూ అంటూనే ఉన్నాను.

"నువ్వు మొదట చెప్పిందే పట్టుకునింది పాపా" అంది అత్త ఒకరోజు.

ఇప్పుడామె పిల్ల లేవకముందే వంట ముగించి, పొయ్యి చల్లార్చి, అగ్గిపెట్టెను పై అరలో దాస్తుంది. ఆ తర్వాతే వచ్చి గడప అవతల కూర్చుని పిల్లను చూస్తుంది.