ఖాళీ నిమిషం

తమిళనాట ధర్మపురి నుంచి కారిమంగళం పోయే దారిలో, ఊరు దాటుతుండగా ఎడమవైపు కృష్ణసామి సైకిలు అంగడి ఉండేది. ఒకప్పుడు పాతిక బాడుగ సైకిళ్ళు వరుస కట్టిన చోట, 2007 నాటికి మూడే మిగిలాయి. లోపలి గోడ మీది నల్లచదరం మాత్రం అలాగే ఉంది. దాని మీద నాలుగు తెల్లగీతలు. గంటకు ఎన్ని కిలోమీటర్లో గీత గీతకూ ఒక అంకె: ఇరవై అయిదు, ముప్ఫై, ముప్ఫై అయిదు, నలభై.

కొత్తవాళ్ళకు కృష్ణసామి వాటిని ఇలా పరిచయం చేసేవాడు:

"ఇరవై అయిదంటే సంతకు పొయ్యేవాడు. ముప్ఫై అంటే పందేనికి వచ్చినవాడు. ముప్ఫై అయిదు దాటినాడంటే పందెం తెలిసినవాడు. నలభైవాడు మన ఊళ్ళో ఇంకా పుట్టలేదు. గీతల మధ్య దూరం ఒకటేనని మోసపోవద్దు. మొదటి అయిదు కాళ్ళిస్తాయి, రెండో అయిదు ఊపిరిస్తుంది. మూడో అయిదు గాలి దగ్గర అడిగి తెచ్చుకోవాల. అది ఊరికే ఇయ్యదు."

మూడో గీతకు పైన పన్నెండేళ్ళుగా ఒక్క పేరే ఉంది. కృష్ణసామి, 1995, ఇరవై కిలోమీటర్లు, ముప్ఫై మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అంటే గంటకు సరిగ్గా ముప్ఫై ఆరు. గేర్లు లేని బండి మీద సాధించిన అంకె అది. నలభై ఒకటో ఏట అతనికి మిగిలిన ఆస్తి అదేనని అతని భార్య తాయారు ఎగతాళి చేసేది. అతను కాదనేవాడు కాదు.

అలాంటి గోడ ముందుకు 2006 మొదట్లో విశ్వనాథన్ వచ్చాడు. బట్టలకొట్టు యజమాని, ముప్ఫై ఆరేళ్ళవాడు. రక్తంలో చక్కెర పెరిగిందని డాక్టరు హెచ్చరిస్తే బెంగుళూరు పోయి గేర్ల సైకిలు కొనుక్కున్నాడు. నెలకొక ఆదివారం జరిగే ఇరవై కిలోమీటర్ల పందెంలో మొదటిసారి అతనికి నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది.

"సెట్టీ, సరిగ్గా సంత గీత మీదే కూర్చున్నావే. కూరగాయలేమన్నా తెచ్చినావా?" అన్నాడు కృష్ణసామి. అందరూ నవ్వారు, విశ్వనాథన్‌తో సహా.

ఆరు నెలలకు నలభై నిమిషాలు. కృష్ణసామి సంతోషించి, నడుము వంచి గాలిని తప్పించుకోవడం ఎలాగో నేర్పాడు. ఏడాదికి ముప్ఫై ఆరు నిమిషాలు. ఇక నేర్పడం మానుకున్నాడు. రెండో ఏడు జూలైలో ముప్ఫై నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చేసరికి, ఆ మధ్యాహ్నం కృష్ణసామి సంగటి ముద్దను సగంలో వదిలేసి లేచాడు. పన్నెండేళ్ళు ఏ చెమటకూ చెరగని పేరును, కొట్టులో చీరలు మడతపెట్టుకునేవాడు వచ్చి తుడిచేస్తాడా? పైగా ఆ బండి చక్రాలు ఒరగకుండా కమ్మీలు బిగించేది కృష్ణసామే.

"అది వాడి వేగం కాదు, బండి వేగం," అన్నాడు తాయారుతో.

"అట్లయితే నువ్వూ ఆ బండెక్కి చూపించు. ఊరికే కుళ్ళుకుంటే ఏమొస్తుంది?"

ఆమె మాటవరసకే అన్నది. కాని ఆ వారమే బండి మరమ్మతుకు వచ్చింది. తెల్లవారుజామున కృష్ణసామి సీటు కొంచెం దించి, ఎవరికీ చెప్పకుండా దాన్ని అదే దారిలో, అంతే దూరం, ఊపిరి బిగబట్టి తొక్కాడు. ముప్ఫై అయిదు నిమిషాల నలభై సెకన్లు. మూడో గీతకు కింద! తాను కోరి తెచ్చుకున్న సాక్ష్యం తనకే వ్యతిరేకంగా నిలిచింది. దాన్ని కడుపులో దాచుకుని, సీటు అందాజుగా తిరిగి ఎత్తి, బండి అప్పజెప్పాడు.

ఆగస్టు పందేనికి ఏడుగురు పేర్లిచ్చారు. నిమిషానికొకరు బయలుదేరాలి: ఒకటో నంబరు ఒకటో నిమిషానికి, ఏడో నంబరు ఏడో నిమిషానికి. చేరిన సమయంలోంచి ఎవరి నంబరు వారికి తీసివేస్తే అసలు సమయం వస్తుంది. రానివాడి నిమిషాన్ని ఖాళీగానే వదలాలి. గడియారం కృష్ణసామి చేతిలో, పుస్తకం పోస్టుమన్ మారెప్ప చేతిలో.

"నీ రికార్డుకు నువ్వే గడియారం పడితే న్యాయమా?" అని అతను బయలుదేరేటప్పుడే తాయారు అడిగింది. అతను గడియారం జేబులో వేసుకుని గడప దాటాడు.

ఆరో నంబరు రాజేంద్రన్ ఏరియూరు నుంచి రావాలి, రాలేదు. అతని నిమిషం ఖాళీగా గడిచాక, ఏడో నిమిషానికి కృష్ణసామే చెయ్యి దించి విశ్వనాథన్‌ను పంపాడు. అతను తిరిగి గీత దాటినప్పుడు గడియారంలో ముప్ఫై తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు.

మారెప్ప రాజేంద్రన్ పేరు వదిలేసి రాసుకున్నాడు కనుక, విశ్వనాథన్ అతని పుస్తకంలో ఆరో వరుసలో ఉన్నాడు. ఆరు తీసివేశాడు.

"ముప్ఫై మూడు యాభై. అన్నా, నీ పేరు కదల్లేదు."

కృష్ణసామికి వెంటనే తెలిసింది. తీసివేయవలసింది ఏడు. ముప్ఫై రెండు యాభై. అతను టీకి చెయ్యి చాచాడు. చేతికొచ్చిన టీ ఎంతో తియ్యగా ఉంది. పక్కన విశ్వనాథన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, కాళ్ళవైపు అనుమానంగా చూసుకుంటున్నాడు.

"అర నిమిషం ఎక్కడ పోయిందో తెలీలేదన్నా. ఊపిరి బాగానే ఆడింది. వెనక చక్రం ఏమన్నా లాగుతా ఉందేమో, ఒకసారి చూస్తావా?"

"నేను బిగించిన చక్రమా లాగేది?"

టీ గ్లాసు కింద పెట్టి, కృష్ణసామి బండి వెనకభాగం ఎత్తి చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. వెంట్రుకవాసి ఒరగకుండా, చప్పుడు లేకుండా తిరిగింది. తిరుగుతూనే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. పేరు నిలవాలంటే ఈ చక్రం మీద నింద మోపాలి. ఇరవై ఏళ్ళుగా ఒరిగిన చక్రాన్ని గడప దాటనివ్వని చెయ్యి అందుకు ఒప్పుకోలేదు.

"చక్రం తప్పు కాదు, మారెప్పా. నీ తీసివేత తప్పు. ఏడో నంబరుకు ఆరు తీసినావే," అన్నాడు, పళ్ళ సందునుంచి.

మారెప్ప మళ్ళీ లెక్క వేసి నాలుక కరుచుకున్నాడు. అంగడిలో కృష్ణసామే సుద్దముక్క పట్టుకుని, తన పేరుకు పైన విశ్వనాథన్ పేరు రాశాడు. అక్షరాలు కాస్త చిన్నవిగానే రాశాడు. ఆపైన మూడో గీతకు కింద ఇంకొకటి చేర్చాడు: కృష్ణసామి, 2007, ముప్ఫై అయిదు నలభై.

"ఇదెప్పుడు తొక్కినావన్నా?" అన్నాడు మారెప్ప.

"పోయిన నెల. ఈ బండి మీదే."

విశ్వనాథన్ మెల్లగా అన్నాడు: "నాకు తెలుసన్నా. మరమ్మతు నుంచి వచ్చినప్పుడు సీటు అరంగుళం దిగి ఉండె."

"తెలిసీ అడగలేదా?"

"అడిగితే నువ్వు నొచ్చుకుంటావని."

కృష్ణసామికి ఒళ్ళు మండింది. వేగంలో ముందుకు పోయినవాడు మర్యాదలో కూడా ముందుండాలా? సుద్దముక్క కిటికీలోకి విసిరి, మూలనున్న తన పాత బండిని బయటికి లాగాడు. చైను తుప్పుపట్టి ఉంది. నూనెడబ్బా అందుకున్నాడు.

"మారెప్పా, వచ్చే నెలకు నాకు ఆరో నంబరు రాయి."

"మరి గడియారం?"

"నువ్వే పట్టు. ఎవడన్నా రాకపోతే, వాడి నిమిషం మాత్రం మింగొద్దు."